మందు పేరు తెలిస్తే చాలదు

సభ్యుల శిక్షణ పాఠం: వైద్యులు మందుల వివరాలు ఎక్కడ చూస్తారు? అందులో మన బాధ్యత ఏమిటి?



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు ఈ మధ్య ఒక మాట తరచుగా చెవిన పడుతోంది. "కొత్తగా వచ్చిన డాక్టరుకు ఏమీ తెలియదండీ. గేదెను చూస్తాడు, ఫోను తీస్తాడు, అందులో చూసుకుని మందు రాస్తాడు. పాత డాక్టరు గారైతే చూస్తూనే సూది వేసేవారు" అని. ఈ మాట అన్నవారికి డాక్టరు మీద కోపం లేదు. అపోహ మాత్రం ఉంది. ఆ అపోహ వల్ల చివరకు నష్టపోయేది సంఘమే కనుక ఈ పాఠానికి ఆ విషయమే తీసుకుంటున్నాను.

నేను పశువైద్యుడిని కాను. లెక్కల పుస్తకాలు, మినిట్సు పుస్తకాలు తనిఖీ చేసేవాడిని. కనుక లెక్కల భాషలోనే ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఖాతాలో ఎంత సొమ్ము ఉన్నదని కార్యదర్శిని అడిగారు. ఒక కార్యదర్శి లెడ్జరు తీయకుండానే నోటిలెక్కతో ఒక అంకె చెప్పాడు. మరొక కార్యదర్శి లెడ్జరు తీసి, మీ పేజీ వెతికి, వేలు పెట్టి చూపించి చెప్పాడు. ఎవరిని నమ్ముతారు? లెడ్జరు తీసిన వానిని "నీకు లెక్కలు రావు" అని ఎవరైనా అంటారా? మందు విషయంలోనూ అంతే. రోగాన్ని పోల్చడం డాక్టరు చదువు, అనుభవం. మందు వివరం సరిచూసుకోవడం ఆయన జాగ్రత్త.

ఒక మందు గురించి తెలుసుకోవలసినవి

పొదుగువాపు వచ్చిన గేదెకు ఏ మందు పని చేస్తుందో డాక్టరుకు కంఠతా ఉండవచ్చు. అది మొదటి సంగతి మాత్రమే. దాని తరువాత తెలుసుకోవలసినవి ఇంకా ఉన్నాయి. పశువు బరువును బట్టి ఎంత మోతాదు? రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు? చూడి పశువుకు ఇవ్వవచ్చునా? ఇప్పటికే వాడుతున్న మరో మందుతో కలిస్తే ప్రమాదమా? పాలలోకి ఎంత దిగుతుంది? చివరి మోతాదు తరువాత ఎన్ని రోజులకు పాలు శుభ్రపడతాయి? ఆ మందును ప్రభుత్వం ఈ మధ్య నిషేధించిందా?

మందులు వేల సంఖ్యలో ఉన్నాయి. ఒకే మందు పది కంపెనీల పేర్లతో వస్తుంది. పేర్లు దగ్గరగా ఉండి లోపలి మందులు వేరైనవీ ఉన్నాయి. ఇన్నిటిని ఎంత తెలివైన మనిషి అయినా తలలో పెట్టుకోలేడు. పెట్టుకున్నా, నిరుడు నేర్చుకున్నది ఈ ఏడు మారిపోవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. పిడుదులకు, పేలకు మన రైతులు ఐవర్మెక్టిన్ సూది అడిగి మరీ వేయిస్తుంటారు. ఇది కొవ్వులో కరిగే మందు. అందువల్ల వెన్నతో పాటు పాలలోకి దిగి చాలా రోజులు నిలుస్తుంది. ఈడుకు వచ్చిన ఆడ పాడి పశువులకు దీనిని వాడరాదని అమెరికాలో ఆ సూదిమందు లేబులు మీదనే ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన ఎప్రినోమెక్టిన్ అనే మందు వీపు మీద పోసే రకం. అది పాలలోకి చాలా తక్కువగా దిగుతుంది కనుక పాలు ఆపనవసరం లేదని అక్కడి లేబులు చెబుతుంది. రెండూ పురుగులను చంపేవే, పేర్లు కూడా దగ్గరగానే ఉంటాయి. పాల విషయంలో మాత్రం ఒకటి ఒక దారి, రెండవది మరొక దారి. ఈ తేడా పశువును చూస్తే తెలిసేది కాదు. ఎక్కడో రాసిపెట్టి ఉన్నది చూస్తేనే తెలుస్తుంది.

ఈ వివరాలు ఎక్కడ ఉంటాయి?

వైద్య వ్యాసాలకు సూచిక తయారు చేసే పని అమెరికాలో 1879లోనే మొదలైంది. జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడు 'ఇండెక్స్ మెడికస్' అనే పట్టికను ప్రారంభించాడు. ఏ పత్రికలో ఏ రోగం గురించి, ఏ మందు గురించి వ్యాసం వచ్చిందో అందులో ఉండేది. తరువాత ఆ పట్టికను కంప్యూటరు మీదికి ఎక్కించారు. 1971 నుండి 'మెడ్‌లైన్' పేరుతో టెలిఫోను తీగల మీద దూరం నుండి కూడా వెతికే వీలు కలిగింది. 1996లో 'పబ్‌మెడ్' వచ్చింది. 1997లో దానిని అందరికీ ఉచితం చేశారు. అచ్చు పట్టిక 2004తో ఆగిపోయింది. నేడు పబ్‌మెడ్‌లో మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు ఉన్నాయి. పశువైద్య వ్యాసాలు కూడా అందులో చేరి ఉన్నాయి. మండల కేంద్రంలో ఉన్న పశువైద్యుడు కూడా చేతిలోని ఫోనుతో దానిని తెరవగలడు.

పబ్‌మెడ్ పరిశోధనల సూచిక. వెంటనే మోతాదు కావలసినవారికి మరొక రకం భాండాగారాలు ఉన్నాయి. వీటినే డేటాబేసులు అంటున్నారు. అమెరికాలో 'డైలీమెడ్' అనే దానిలో మందుల లేబుళ్ళు ఉన్నవి ఉన్నట్లుగా దొరుకుతాయి. పశువుల మందుల లేబుళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఐరోపా దేశాలవారు తమ దగ్గర అనుమతి పొందిన పశువుల మందులన్నిటికీ ఒక ఉమ్మడి డేటాబేసును 2022లో ప్రారంభించారు. మన దేశంలో మనుషుల మందుల కోసం గాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 'నేషనల్ ఫార్ములరీ' అనే గ్రంథాన్ని ప్రచురిస్తోంది.

మన వృత్తికి మరీ దగ్గరైనది ఒకటి ఉంది. 1982లో అమెరికాలో 'ఫారడ్' అనే సంస్థను నెలకొల్పారు. పాలలో, మాంసంలో, గుడ్లలో మందు అవశేషాలు నిలవకుండా చూడడమే దాని పని. కొన్ని విశ్వవిద్యాలయాల పశువైద్య నిపుణులు కలిసి దీనిని నడుపుతారు. లేబులు మీద లేని మోతాదు ఇవ్వవలసి వస్తే పాలు ఎన్నాళ్ళు ఆపాలో అక్కడి పశువైద్యులు దీనిని అడిగి తెలుసుకుంటారు. పాడిపరిశ్రమ బాగా పెరిగిన దేశంలో కూడా డాక్టరు అడిగి తెలుసుకుంటున్నాడంటే, మన డాక్టరు చూసి తెలుసుకోవడంలో చిన్నతనం ఏమున్నది?

రాబందులు నేర్పిన పాఠం

మందు గురించి కొత్త సంగతి బయటపడితే అది డాక్టరు దాకా చేరడం ఎంత అవసరమో రాబందుల కథ చెబుతుంది. నలభై ఏళ్ళు దాటినవారికి ఊరి బయట చచ్చిన గొడ్డు చుట్టూ రాబందులు మూగడం గుర్తుండే ఉంటుంది. 1990ల నుండి అవి మాయమవుతూ వచ్చాయి. మన దేశంలో మూడు జాతుల రాబందులు 90 శాతానికి మించి తగ్గిపోయాయి. కారణం ఏమిటో మొదట ఎవరికీ అంతుపట్టలేదు. ఏదో అంటురోగం అనుకున్నారు.

2004లో 'నేచర్' పత్రికలో లిండ్సే ఓక్స్, ఆయన సహచరులు పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన వచ్చింది. నొప్పికి, జ్వరానికి పశువులకు వేసే డైక్లోఫెనాక్ సూదియే కారణమని అందులో తేలింది. ఆ సూది పడిన పశువు కొద్ది రోజులలో చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోయేవి. పశువుకు మేలు చేసిన మందే పక్షికి విషమైంది. 2006లో మన ప్రభుత్వం పశువులకు డైక్లోఫెనాక్ తయారీని నిలిపివేయించింది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని అదే సంవత్సరం మరో పరిశోధన చూపింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని తెలిసి, 2015లో ఆ సూదిమందును 3 మిల్లీలీటర్లకు మించని ఒక్క మోతాదు ప్యాకింగుకు పరిమితం చేశారు. 2023లో పశువులకు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను నిషేధించారు. 2024 డిసెంబరు చివరలో నిమెసులైడ్ వంతు వచ్చింది.

ఇక్కడ లెక్క చూడండి. 2004 నుండి 2024 వరకు ఇరవై సంవత్సరాలలో ఒక్క నొప్పి మందుల విషయంలోనే ఇన్ని మార్పులు. కాలేజీ విడిచిన నాటి జ్ఞాపకంతోనే మందు రాసే డాక్టరు, పాత చీటీ పట్టుకుని మందుల షాపులో అదే సీసా అడిగే రైతు, ఇద్దరూ నిషేధించిన మందునే వాడే ప్రమాదం ఉంది.

ఇంటిలోని తల్లిపాలకూ ఇదే ప్రశ్న

పాలలోకి మందు దిగుతుందా అనే ప్రశ్న పశువులకే కాదు. బిడ్డకు పాలిచ్చే తల్లికి జ్వరం వస్తే ఆమెను చూసే డాక్టరుకూ అదే ప్రశ్న ఎదురవుతుంది. దీని కోసం అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 2006లో 'లాక్ట్‌మెడ్' అనే డేటాబేసును ప్రారంభించింది. అది ఉచితం. ఏ మందు తల్లిపాలలోకి ఎంత దిగుతుంది, బిడ్డకు ఏమవుతుంది, దానికి బదులు ఏది వాడవచ్చు అన్నవి మందు వారీగా అందులో ఉంటాయి.

తల్లి ఏ మందు వేసుకున్నా పాలు మాన్పించాలని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు భయపడుతుంటారు. నిజానికి చాలా మందులకు పాలు మాన్పించనవసరం లేదు. పారసిటమాల్ వంటి సామాన్య మందుకు భయపడి తల్లిపాలు ఆపితే బిడ్డకు నష్టమే. కొన్ని మందుల విషయంలో మాత్రం తప్పక ఆలోచించాలి. ఏది ఏ రకమో ఊహించి చెప్పేది కాదు, చూసి చెప్పేది. కనుక మీ కూతురుకో, కోడలికో మందు రాసేటప్పుడు "డాక్టరు గారూ, అమ్మాయి బిడ్డకు పాలిస్తోందండీ" అని ముందే చెప్పండి. డాక్టరు ఒక్క నిమిషం ఆగి ఫోనులో చూసుకుంటే సంతోషించండి.

మనుషుల మందు వికటించినప్పుడు తెలియజేయడానికి మన దేశంలో 2010 నుండి ఫార్మకోవిజిలెన్సు కార్యక్రమం నడుస్తోంది. దాని ఉచిత ఫోను నంబరు 1800-180-3024. డేటాబేసులో చేరే సమాచారంలో కొంత భాగం ఇటువంటి కబురుల నుండే వస్తుంది. మందు పడక ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా చెప్పకుండా ఊరుకుంటే ఆ సంగతి ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

ఫోనులో కనిపించినదంతా నిజం కాదు

కొందరు సభ్యులు, ముఖ్యంగా మన యువకులు "ఫోను మా దగ్గరా ఉంది కదా, మేమే చూసుకుంటాం" అంటారు. తెలుసుకోవాలనే కోరిక మంచిదే. కాని జాగ్రత్త అవసరం. మామూలుగా వెతికితే మందు అమ్ముకునేవారి ప్రకటన ముందు వస్తుంది. వీడియోలో ఎవరో చెప్పిన మోతాదు వస్తుంది. అడిగిన వెంటనే వాక్యాలు అల్లి ఇచ్చే కంప్యూటరు జవాబులూ వచ్చాయి. అవి ఎంత ధీమాగా చెప్పినా ఒక్కొక్కసారి తప్పు చెబుతాయి.

శిక్షణ పొందిన వైద్యుడు నాలుగు సంగతులు గమనిస్తాడు. రాసినవారు ఎవరు? ఎప్పుడు సవరించారు? ఏ దేశపు అనుమతి ప్రకారం రాశారు? ఏ పశువు మీద పరీక్షించారు? ఈ చివరి ప్రశ్న మనకు మరీ ముఖ్యం. మన సభ్యులలో చాలామందికి ఉన్నవి గేదెలు. విదేశీ డేటాబేసులలో ఉన్నది ఎక్కువగా ఆవుల మీద జరిగిన పరీక్షల సమాచారం. ఆవుకు చెప్పిన గడువు గేదెకు యథాతథంగా సరిపోతుందని అనుకోరాదు. అందుకే డేటాబేసు చూసిన తరువాత కూడా డాక్టరు తన బుద్ధి ఉపయోగించవలసి ఉంటుంది. అనుమానం తీరకపోతే తిరుపతిలోనో, రాజేంద్రనగర్‌లోనో ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయం నిపుణులను సంప్రదిస్తాడు.

సమాచారం లేనప్పుడు చట్టం ఏమంటుంది?

మందు ఆపిన తరువాత పాలు వాడకుండా ఆగవలసిన కాలాన్ని 'విత్‌డ్రాయల్ పీరియడ్' అంటారు. మనం 'ఆగవలసిన గడువు' అందాం. ఆహారం ఇచ్చే పశువుల మందుల లేబులు మీద ఈ గడువును ముద్రించాలని 2012లో ఔషధ నియమాలకు సవరణ వచ్చింది. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు నిర్ణయించి ఉండకపోతే పాలకు, గుడ్లకు 7 రోజులకు తగ్గకుండా, మాంసానికి 28 రోజులకు తగ్గకుండా ఆగాలి.

ఈ గడువును లెక్కించడంలో మూడు పొరపాట్లు జరుగుతున్నాయి.

మొదటిది: రోజులను మొదటి సూది నుండి లెక్కించడం. లెక్క మొదలు పెట్టవలసినది చివరి మోతాదు నుండి.

రెండవది: ఒక చన్నుకే మందు ఎక్కించాం కనుక మిగిలిన మూడు చన్నుల పాలు పోయవచ్చునని అనుకోవడం. మందు రక్తంలో కలిసి మిగిలిన చన్నులలోకి కూడా చేరుతుంది. నాలుగు చన్నుల పాలూ ఆపాలి.

మూడవది: కాచితే మందు పోతుందని నమ్మడం. చాలా యాంటీబయోటిక్ మందులు కాచినంత మాత్రాన పోవు.

పాలలో పెన్సిలిన్ లీటరుకు 4 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ నిర్ణయించింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఒక గేదె పూట పాలలో 10 మిల్లీగ్రాముల పెన్సిలిన్ మిగిలి ఉన్నదనుకోండి. ఆ పాలను 1,000 లీటర్ల కూలరులో పోస్తే లీటరుకు 10 మైక్రోగ్రాములు అవుతుంది. అంటే హద్దుకు రెండున్నర రెట్లు. ఒక్క క్యాను మొత్తం కూలరును చెడగొట్టినట్లే. ఆ పాలు తోడు వేస్తే పెరుగు సరిగా తోడుకోదు. పెన్సిలిన్ పడని బిడ్డ తాగితే ప్రమాదం. పైగా, కొద్దికొద్దిగా మందు తగిలిన క్రిములు దానికి అలవాటు పడి, రేపు మన పిల్లల జబ్బుకు అదే మందు వాడితే లొంగవు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల శాంపిళ్ళు పరీక్షిస్తే 77 శాంపిళ్ళలో యాంటీబయోటిక్ అవశేషాలు హద్దుకు మించి కనిపించాయి. సంఖ్య తక్కువే. కాని ఆ 77లో మన సంఘం ఉండకూడదు.

సభ్యుల విధులు

1. డాక్టరు వచ్చినప్పుడు పశువు ఎన్నో ఈతో, ఎన్ని నెలల చూడో, రోజుకు ఎన్ని పాలిస్తోందో, ఇంతకు ముందు ఎవరు ఏ మందు వేశారో దాచకుండా చెప్పండి. వివరాలు సరిగా లేకపోతే ఎంత గొప్ప డేటాబేసు చూసినా జవాబు తప్పే వస్తుంది.

2. పశువు చెవికి ఉన్న 12 అంకెల పోగు తీసివేయకండి. ఆ నంబరు మీద భారత్ పశుధన్ డేటాబేసులో పశువు వివరాలు, చేసిన చికిత్స నమోదు చేసే ఏర్పాటు ఉంది. మీ గేదెకు అది పాసుబుక్కు వంటిది.

3. మందు పెట్టె, సీసా పారవేయకండి. కంపెనీ పేరు ఒక్కటే కాదు, లోపలి అసలు మందు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ దానిమీదనే ఉంటాయి.

4. డాక్టరు వెళ్ళేముందు తప్పక ఒక ప్రశ్న అడగండి: "డాక్టరు గారూ, పాలు ఏ తేదీ నుండి పోయవచ్చునండీ?" ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి.

5. గడువులో పొదుగును రోజూ పూర్తిగా పిండండి. ఆ పాలు కేంద్రానికి గాని, ఇంటి వాడకానికి గాని, హోటలుకు గాని ఇవ్వకండి. దూడలకు పట్టడం కూడా మంచిది కాదు. గుంతలో పోయండి.

6. పాత చీటీతో, పక్కింటివారి చీటీతో మందు కొనకండి. డాక్టరు అందుబాటులో లేకపోతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి.

సంఘం విధులు

నిజం చెప్పినవాడు నష్టపోయి, దాచినవాడు లాభపడే పద్ధతి ఉన్నంతకాలం ఏ పాఠమూ పనిచేయదు. రోజుకు 8 లీటర్లు పోసే సభ్యుడు 7 రోజులు ఆపితే 56 లీటర్లు. లీటరు 50 రూపాయలనుకుంటే 2,800 రూపాయలు. రెండు గేదెలు ఉన్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. దాచి పోసి దొరికితే 1,000 లీటర్ల కూలరు పాలు, అంటే 50,000 రూపాయలు, అందరూ కలిసి నష్టపోతారు. కనుక ఆ 2,800 రూపాయల బరువు ఒక్క ఇంటి మీదనే వదిలివేయడం సహకార పద్ధతి కాదు.

కార్యవర్గాలు ఈ మూడు విషయాలు ఆలోచించాలి. ఒకటి, పాల కేంద్రంలో 'చికిత్స రిజిస్టరు' ఒకటి తెరవాలి. సభ్యుని పేరు, చెవిపోగు నంబరు, మందు పేరు, చివరి మోతాదు తేదీ, పాలు తిరిగి పోయవలసిన తేదీ అనే ఐదు కాలములు చాలు. రెండు, ముందుగా చెప్పి పాలు ఆపిన సభ్యునికి పాలు పోసిన రోజుల లెక్కలోగాని, బోనసు అర్హతలోగాని ఆ రోజులు కోత పడకుండా చూడాలి. మూడు, బైలా అనుమతించిన మేరకు సంక్షేమ నిధి నుండి కొంత సహాయం చేసే విషయాన్ని సర్వసభ్య సమావేశంలో పెట్టి తీర్మానించుకోవాలి.

డాక్టరు తన వంతుగా భాండాగారం తెరిచి మందు వివరం చూస్తున్నాడు. మన వంతుగా మనం రిజిస్టరు తెరిచి తేదీ రాయాలి. ఈ రెండు పుస్తకాలూ సరిగా ఉన్నప్పుడే మన పాలు తాగే పసిబిడ్డ తల్లికి మనం ధైర్యంగా జవాబు చెప్పగలం.

చర్చకు ప్రశ్నలు

(కార్యదర్శులు ఈ పాఠాన్ని సభ్యుల సమావేశంలో చదివి వినిపించి, కింది ప్రశ్నల మీద చర్చ జరిపించగలరు.)

1. గేదెకు సోమవారం, మంగళవారం, బుధవారం సూదులు పడ్డాయి. లేబులు మీద గడువు లేదు. 7 రోజులు ఏ రోజు నుండి లెక్కించాలి?

2. ఒక చన్నుకే మందు ఎక్కించినప్పుడు మిగిలిన చన్నుల పాలు కేంద్రంలో పోయవచ్చునా? ఎందుకు?

3. ఫోనులో కనిపించిన మందు సమాచారాన్ని నమ్మేముందు ఏ నాలుగు సంగతులు చూడాలి?

4. మన సంఘంలో చికిత్స రిజిస్టరు ఎవరు రాయాలి? పాలు ఆపిన సభ్యునికి ఏ రకమైన సహాయం చేయగలం?